హువెస్కా ముట్టడి: ఆర్వెల్ చూడని దాడి

స్పెయిన్ ఈశాన్య భాగాన, పిరెనీస్ పర్వతాల దిగువన, గోధుమ చేల నడుమ హువెస్కా అనే చిన్న పట్టణం ఉంది. 1936 జులైలో అంతర్యుద్ధం ప్రారంభమైనపుడు అది సైనిక తిరుగుబాటుదారుల వశమైంది. కొద్ది వారాలలోనే బార్సిలోనా నుంచి తరలివచ్చిన కార్మిక దళాలు దానిని మూడు వైపులా చుట్టుముట్టాయి. పశ్చిమ దిశలో మాత్రం ఒక సన్నని దారి మిగిలింది. ఆ దారి వెంటనే తిండిగింజలు, తుపాకులు, మనుషులు లోపలికి చేరేవారు. 1938 మార్చిలో ఫ్రాంకో సేనలు ఆరగాన్ అంతటా ఎదురుదాడి జరిపి ముట్టడిని ఛేదించే వరకు ఈ స్థితి మారలేదు. ముట్టడి తొలి రోజులలో సమీప గ్రామమైన సియెటామో పట్టుబడినపుడు, మర్నాడు కాఫీ హువెస్కాలోనే సేవిద్దామని ఒక సేనాని ఉల్లాసంగా ప్రకటించాడట. ఆ మర్నాడు ఎన్నడూ రాలేదు. ఆ మాట మాత్రం సైనికుల నోట పరిహాసంగా నిలిచిపోయింది.

ఈ పరిహాసాన్ని ప్రపంచ పాఠకులకు అందించినది జార్జ్ ఆర్వెల్ 1938 ఏప్రిల్‌లో ప్రచురించిన 'హోమేజ్ టు కాటలోనియా'. 'యానిమల్ ఫార్మ్' ద్వారా, '1984' ద్వారా ఆర్వెల్‌ను ఎరిగిన మన పాఠకులలో ఈ గ్రంథాన్ని చదివినవారు తక్కువే. ఆనాడు ఇంగ్లండులోనూ చదవలేదు. అచ్చయిన 1500 ప్రతులు 1950 జనవరిలో రచయిత కన్నుమూసే నాటికి కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు. తరువాత దానికి లభించిన కీర్తి అపారం. ఇరవయ్యవ శతాబ్దపు యుద్ధ రచనలలో దానిని అగ్రశ్రేణిలో నిలిపే విమర్శకులు అనేకులు. అయితే ఆ కీర్తి వల్ల ఒక విచిత్రం సంభవించింది. హువెస్కా ముట్టడి అనగానే చదువరులకు ఆర్వెల్ వర్ణించిన ముట్టడే స్ఫురిస్తుంది. ఆ ముట్టడిలో ప్రధాన ఘట్టమైన 1937 జూన్ నాటి మహా దాడిని మాత్రం ఆర్వెల్ చూడలేదు. ఆయన గ్రంథంలో అది దాదాపు లేదు. ఈ లేమిని లోపమనాలా, మరేమైనా అనాలా అన్నది విచారించదగిన విషయం.

ఆర్వెల్ స్పెయిన్‌కు వచ్చిన నేపథ్యం భారతీయ పాఠకునికి ఆసక్తికరమైనది. 1903లో బీహారులోని మోతీహారిలో, నల్లమందు శాఖలో ఉద్యోగి అయిన తండ్రికి జన్మించాడు. అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. 1922 నుంచి 1927 వరకు బర్మాలో సామ్రాజ్య పోలీసు అధికారిగా పనిచేసి, ఆ కొలువును ఏవగించుకొని విడిచిపెట్టాడు. 1936 డిసెంబరు చివర బార్సిలోనా చేరి, 'పౌమ్' అనే చిన్న మార్క్సిస్టు పక్షపు సాయుధ దళంలో చేరాడు. స్టాలిన్ విధానాలను వ్యతిరేకించిన పక్షమది. ఆయన దానిని సిద్ధాంతాన్ని తూచి ఎంచుకోలేదు. ఇంగ్లండులో తనకు పరిచయ పత్రం ఇచ్చిన సంస్థకు ఆ పక్షంతో సంబంధం ఉండటం వల్ల అటు చేరాడు. ఇంత యాదృచ్ఛికమైన చేరిక తరువాత ఆయన ప్రాణానికే ముప్పు తెచ్చింది.

గ్రంథంలో తొలి సగం కందకాల జీవితం. 1937 ఫిబ్రవరి మధ్య నుంచి ఆయన దళం హువెస్కా ముంగిటనే ఉంది. అక్కడ జరిగినది చాలా తక్కువ. శత్రువు కన్న వంటచెరకే పెద్ద సమస్య. ఆయనకు మొదట లభించిన తుపాకి 1896 నాటి జర్మన్ మౌజర్. చలి, పేలు, ఎలుకలు, కొవ్వొత్తుల కరవు, దూరాన కదలకుండా కనిపించే పట్టణం. పాఠకుడు యుద్ధాన్ని ఆశిస్తే రచయిత నిరీక్షణను చూపుతాడు. ఏప్రిల్ నెలలో ఒక రాత్రి ముప్పయి మంది వరకు స్వచ్ఛందంగా బయలుదేరి ఒక శత్రు స్థావరంపై జరిపిన దాడి ఈ భాగంలో శిఖర ఘట్టం. మరోవైపు హాకా మార్గంలో అరాజకవాదుల దళాలు తలపెట్టిన దాడి నుంచి శత్రువు దృష్టిని మళ్ళించడానికి ఉద్దేశించిన చిన్న ప్రయత్నమది. స్థావరం చిక్కింది. మెషిన్ గన్ కోసం వెదికితే దాని ముక్కాలి పీట మాత్రమే మిగిలింది. ఎదురుదాడి రాగా తెల్లవారేలోగా అందరూ వెనుదిరిగారు. అన్నీ కలిపి కొద్ది గంటల కథ. ఆ కొద్ది గంటలకు ఆర్వెల్ ఒక అధ్యాయంలో అధిక భాగం వెచ్చించాడు. బురద, ముళ్ళతీగలు, పరుగెత్తే శత్రుసైనికుని వెంట బయొనెట్‌తో తరిమిన క్షణం, ఆ తరుముటలోని హాస్యాస్పదత, ఇవన్నీ ఎంతో స్పష్టంగా కనిపిస్తాయి. ధైర్యాన్ని ఘనంగా చెప్పుకోకపోవడం ఈ రచనకు గల మొదటి బలం.

రెండవ బలం, తరచు విస్మరణకు గురయ్యేది, సైనిక క్రమశిక్షణపై ఆయన చేసిన ఆలోచన. దళంలో సేనానికీ సైనికునికీ ఒకే జీతం, ఒకే భోజనం. ఆజ్ఞ ఇస్తే ఎందుకని ప్రశ్నించే హక్కు ప్రతివానికీ ఉంది. బర్మాలో చట్టం అండతో ఆజ్ఞాపించిన మాజీ పోలీసు అధికారికి ఇది మొదట అరాచకంగా తోచింది. క్రమంగా ఆయన అభిప్రాయం మారింది. ఎందుకు పాటించాలో తెలిసి పాటించే క్రమశిక్షణ ఏర్పడటానికి కాలం పట్టినా, భయం వల్ల ఏర్పడే క్రమశిక్షణ కన్న అది నమ్మదగినదని ఆయన నిర్ణయించాడు. ఈ నిర్ణయంతో అందరూ ఏకీభవించనక్కరలేదు. రిపబ్లిక్ పక్షంలోనే సాధారణ సైన్యాన్ని నిర్మించాలని పట్టుబట్టినవారికి బలమైన కారణాలు ఉన్నాయి. మాడ్రిడ్‌ను కాపాడినది కేవలం చర్చలు కావు. అయినప్పటికీ, సైనికునికి కారణం చెప్పాలన్న ఈ మాటను పాఠకుడు మరువరాదు. హువెస్కా దాడి విషయంలో అదే మళ్ళీ ఎదురవుతుంది.

ఇక ఆ దాడి. 1937 వసంతకాలంలో ఫ్రాంకో సేనలు ఉత్తరాన బాస్క్ ప్రాంతంపై విరుచుకుపడ్డాయి. బిల్బావో నగరం ప్రమాదంలో పడింది. దానికి నేరుగా సహాయం పంపే మార్గం లేదు. నడుమ శత్రు భూభాగం ఉంది. కనుక వేరొక చోట దాడి జరిపి శత్రు బలాలను అటు లాగాలని రిపబ్లిక్ సేనాపతులు తలచారు. మే చివర మాడ్రిడ్‌కు వాయవ్యాన సెగోవియా వైపు ఒక ప్రయత్నం జరిగి విఫలమైంది. రెండవది హువెస్కా. మే నెలలోనే తూర్పు సైన్యానికి అధిపతిగా వచ్చిన జనరల్ సెబాస్టియాన్ పోసాస్ దీనికి నాయకుడు. కార్మిక దళాల నుంచి అప్పుడే సాధారణ సైన్యంగా రూపొందుతున్న కాటలోనియా విభాగాలకు తోడుగా, మాడ్రిడ్ వైపు నుంచి పన్నెండవ అంతర్జాతీయ బ్రిగేడును తరలించారు. పట్టణానికి వాయవ్యాన ఉన్న అలెర్రే, చిమిల్లాస్ గ్రామాలను పట్టుకుంటే పశ్చిమపు దారి తెగుతుంది. దారి తెగితే పట్టణం పడుతుంది. పటం మీద చూస్తే ఇంత కన్న సులభమైన పథకం ఉండదు.

దాడికి ముందు రోజే అపశకునం ఎదురైంది. జూన్ 11న పరిశీలనకై బయలుదేరిన కారుపై ఫిరంగి గుండు పడి బ్రిగేడు సేనాని జనరల్ లుకాచ్ మరణించాడు. ఈ పేరు మారుపేరు. రచయితగా ఆయన పేరు మాటే జాల్కా. మొదటి ప్రపంచ యుద్ధం ఇతివృత్తంగా 'దొబెర్దో' నవల రచించిన హంగేరియన్ రచయిత. అదే కారులో ఉండి తీవ్రంగా గాయపడిన గుస్తావ్ రెగ్లర్ కూడ రచయితే, జర్మన్ నవలాకారుడు. స్పెయిన్ యుద్ధంలో ఇట్టి దృశ్యాలు అరుదు కావు. ఏ సరిహద్దు చూసినా ఒక రచయిత తటస్థపడతాడు.

జూన్ 12న మొదలైన దాడి 19న ముగిసింది. విశాలమైన చేలలో చాటు లేదు. నెలల తరబడి తీరికగా బలపరచుకొన్న స్థావరాలలో రక్షకుల మెషిన్ గన్లు వేచి ఉన్నాయి. అవి అణగకముందే పదాతి దళాలు ముందుకు సాగవలసి వచ్చింది. గారిబాల్డీ పేరు పెట్టుకొన్న ఇటాలియన్లు, వారితో పాటు కాటలోనియా దళాలు అపారంగా నష్టపోయాయి. రెండు గ్రామాలూ చిక్కలేదు. దారి తెగలేదు. దాడి ఆగిన జూన్ 19ననే బిల్బావో పతనమైంది. ఏ నగరం కోసం ఈ నగరంపై దాడి జరిపారో అదీ పోయింది, ఇదీ దక్కలేదు.

ఈ ఎనిమిది రోజులలో ఆర్వెల్ ఎక్కడ ఉన్నాడు? మే 20 తెల్లవారుజామున శత్రు గుండు ఆయన గొంతు గుండా దూసుకుపోయింది. వెంట్రుకవాసిలో బతికి, ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి మారుతూ బార్సిలోనా చేరాడు. సైన్యం నుంచి విడుదల పత్రం కోసం జూన్ మధ్యలో మళ్ళీ సరిహద్దుకు ప్రయాణించాడు. సరిగా దాడి జరుగుతున్న రోజులవి. సియెటామోలో అదనపు బలగాలను పోగుచేస్తున్నారు. ఆయన చేతికీ తుపాకి, తూటాలు ఇచ్చి సిద్ధంగా ఉండమన్నారు. గొంతు గాయం మానని మనిషి తూటాల పెట్టె తలకింద పెట్టుకొని భయంతో ఆ రాత్రి గడిపాడు. పిలుపు రాలేదు. మర్నాడు కాగితం చూపి వెళ్ళిపోయాడు. అంతే. ఆయనకూ దాడికీ మధ్య మిగిలినది ఒక పిలుపు దూరం.

గ్రంథంలో దాడి జాడలు ఇక్కడొకటి, అక్కడొకటిగా ఉన్నాయి. తారగోనా స్టేషనులో గాయపడినవారి రైలు ఆగి ఉండగా, సరిహద్దుకు సాగుతున్న ఇటాలియన్ల రైలు ఎదురవుతుంది. కుర్ర సైనికులు, ఫిరంగులు, ఇటు నుంచి చేతికర్రలు ఊపుతూ క్షతగాత్రులు పలికిన వీడ్కోలు. యుద్ధం ఎంత హేయమైనదో తెలిసిన మనిషికి కూడా యుద్ధ వైభవం క్షణకాలం ఎలా కనిపిస్తుందో చెప్పే అరుదైన దృశ్యమది. వారిలో అధికులు కొద్ది వారాలకే హువెస్కా వద్ద హతులై ఉంటారని రచయిత ఒక్క మాట చేర్చి సాగిపోతాడు. ఆ తరువాత సియెటామో రాత్రి. దానికి ముందే దళనాయకుడైన జార్జ్ కాప్ యుద్ధరంగం నుంచి ఉత్సాహంగా తిరిగివచ్చి, ముప్పయి వేల సైన్యం చేరుతున్నదని, విమానాలు లెక్కకు మించి ఉన్నాయని, పట్టణం పడటం ఖాయమని చెప్పడం. వెంటనే ఒక కుండలీకరణం. దాడి దారుణంగా విఫలమైందనీ, పత్రికల అబద్ధాలు తప్ప దాని వల్ల ఫలితం శూన్యమనీ అందులో రెండు మూడు ముక్కలు. ముప్పయి మంది జరిపిన రాత్రి దాడికి ఒక అధ్యాయం, వేలమంది జరిపిన పగటి దాడికి ఒక కుండలీకరణం. మొదటిదీ దృష్టి మళ్ళించే దాడే, రెండవదీ దృష్టి మళ్ళించే దాడే. కొలతలో ఇంతటి తారతమ్యాన్ని చరిత్రకారుడు క్షమించడు. సాహిత్య విమర్శకుడు మాత్రం ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది. తాను లేని చోట ఉన్నట్లు రాయకపోవడం ఈ రచయిత పెట్టుకొన్న నియమం. విన్న కథలను కూర్చి ఒక మహా యుద్ధ వర్ణన చేయడం ఆయన కలానికి కష్టమేమీ కాదు. కందకంలో నుంచి కనిపించినంత మేరకే యుద్ధాన్ని చెప్పిన నిజాయితీకి చెల్లించిన మూల్యమే ఆ కుండలీకరణం.

ఈ సందర్భంలో హెమింగ్వే నవల 'ఫర్ హూమ్ ది బెల్ టోల్స్' స్మరణకు రాక మానదు. 1940లో వెలువడిన ఆ నవలకు ఆధారం పైన పేర్కొన్న సెగోవియా దాడి. నవల అంతా ఆ దాడికి సన్నాహం. శత్రువుకు సమాచారం ముందే అందిందని తెలిసినా ఆపలేని స్థితిలో సేనాని నిలుస్తాడు. దాడి మొదలవుతుంది. దాని పర్యవసానం చూపకుండా నవల ముగుస్తుంది. స్పెయిన్ గురించి ఇంగ్లీషులో అత్యధికంగా పఠితమైన రెండు గ్రంథాలూ బిల్బావో కోసం జరిగిన రెండు విఫల దాడుల అంచున నిలిచి, లోపలికి అడుగు పెట్టలేదన్నది చిత్రమైన సంగతి. అయితే హెమింగ్వే నిలిచినది కళా ప్రయోజనం కోసం, ఆర్వెల్ నిలిచినది గుండు తగిలినందున. లోపల ఉండగలిగిన రెగ్లర్ అదే బ్రిగేడు అనుభవాలతో నవల రాశాడు. 1940లో హెమింగ్వే ముందుమాటతో ఇంగ్లీషులో వెలువడిన ఆ 'ద గ్రేట్ క్రూసేడ్'ను నేడు చదివేవారు మిక్కిలి తక్కువ. ప్రత్యక్ష సాక్ష్యం ఉన్నంత మాత్రాన రచన నిలవదు కాబోలు.

ఆర్వెల్ నిజాయితీని అంగీకరించినా ఆయన తీర్పులన్నింటినీ అంగీకరించవలసిన పని లేదు. అరాజకవాదులకు, పౌమ్ వంటి విప్లవ పక్షాలకు ఆయుధాలు చేరరాదన్న రాజకీయ కారణం వల్లనే ఆరగాన్ సరిహద్దును ఉద్దేశపూర్వకంగా ఎండగట్టారని, అందువల్లనే హువెస్కా పడలేదని గ్రంథంలో ధ్వనిస్తుంది. ఇందులో సత్యాంశ ఉంది. కాని 1936 నవంబరు నుంచి 1937 మార్చి వరకు మాడ్రిడ్ చుట్టూ జరిగిన పోరు రిపబ్లిక్‌కు గల ఆయుధాలలో సింహభాగాన్ని మింగివేసింది. ఉన్న తుపాకులను రాజధానికి పంపాలా, పాక్షికంగా ముట్టడించిన ఒక చిన్న పట్టణానికి పంపాలా అన్న ప్రశ్నకు ఏ ప్రభుత్వమైనా ఒకే సమాధానం చెప్పేది. అంతకు మించి, 1937 జూన్‌లో విమానాలు వచ్చాయి, ఫిరంగులు వచ్చాయి, కాకలు తీరిన బ్రిగేడు వచ్చింది. పట్టణం అప్పుడూ పడలేదు. ఆ కుండలీకరణాన్ని విప్పి రాసి ఉంటే ఆర్వెల్ తన సిద్ధాంతాన్ని కొంత సడలించుకోవలసి వచ్చేది. సమయానికి రాని ఆయుధాలు, సమయానికి రాని ఐక్యత, తొమ్మిది నెలల ఆలస్యంలో శత్రువుకు లభించిన వ్యవధి, ఇవన్నీ కలసి పట్టణాన్ని కాపాడాయి. ఒక్క కుట్రతో వివరణ ముగియదు. తన మాటలలో పక్షపాతం, పొరపాటు ఉండవచ్చునని రచయితే గ్రంథాంతంలో పాఠకుని హెచ్చరించాడు. ఆ హెచ్చరికను మెచ్చుకొన్న విమర్శకులే దానిని తరచు ఆచరణలో పెట్టలేదు.

అయితే ఆయన సరిగా పట్టుకొన్న విషయం ఒకటుంది. దాని ముందు పై అభ్యంతరాలు చిన్నవి. జూన్ 16న, దాడి సాగుతుండగానే, బార్సిలోనాలో పౌమ్‌ను నిషేధించారు. దాని నాయకుడు ఆంద్రేవు నిన్‌ను నిర్బంధించారు. అనంతరం ఆయనను రహస్యంగా హత్య చేశారు. కార్యాలయాలు మూతపడ్డాయి. సభ్యులు ఫాసిస్టుల గూఢచారులని పత్రికలు చాటాయి. అదే సమయాన ఆ పక్షపు సైనికులతో కూడిన విభాగం హువెస్కా ముంగిట పోరాడుతూనే ఉంది. వారికి ఈ వార్త తెలియలేదు. తెలిస్తే పోరు ఆపుతారన్న భయంతో బహుశా కొన్ని దినాలు వార్తను తొక్కిపట్టి ఉంటారని ఆర్వెల్ ఊహించాడు. నిశ్చయంగా చెప్పలేదు, ఊహగానే చెప్పాడు. వార్త చేరిన పిదప కూడా వారు పోరు ఆపలేదని ఆయనే నమోదు చేశాడు. వెనుక నగరంలో తమను ద్రోహులంటున్నారని ఎరుగకుండానే ఆ నాలుగు రోజులలో కొందరు మరణించి ఉంటారు. దీనిని క్షమించడం కొంచెం కష్టమని ఆయన వాపోయాడు. అరుపు లేదు, శాపనార్థం లేదు. గ్రంథమంతటిలో ఇంత నిగ్రహంగా, ఇంత గాఢంగా పలికిన ఘట్టం మరొకటి లేదనవచ్చు.

కందకంలో నేర్చిన క్రమశిక్షణ పాఠం ఇక్కడ తలకిందులవుతుంది. ఎందుకని అడిగితే జవాబు చెప్పిన దళానికి, అడిగే అవకాశమే ఇవ్వని స్థితి దాపురించింది. యుద్ధంలో రహస్యాలు తప్పవని పరిపాలనా అనుభవం ఉన్న పాఠకులు అనవచ్చు. అది నిజం. దాడి జరిగే గంట, ఫిరంగుల సంఖ్య, దళాల కదలిక దాచవలసినవే. ఆ దాపరికం సైనికుని ప్రాణాన్ని కాపాడటానికి. ప్రభుత్వం అతనిని ఏమని పిలుస్తున్నదో అతనికి తెలియకుండా దాచడం వేరు. అది అతని ప్రాణాన్ని వాడుకోవడానికి. మొదటిది లేకుండా యుద్ధం సాగదు, రెండవది లేకుండా సాగింది, ఎందుకంటే తెలిసిన తరువాత కూడా వారు తుపాకి దించలేదు. దాచినందున దక్కిన లాభం శూన్యమన్నమాట. జార్జ్ కాప్‌కు సైతం ఇదే గతి పట్టింది. పట్టణం పడుతుందని ఉప్పొంగిన ఆ మనిషి కొద్ది దినాలకే బార్సిలోనా కారాగారంలో ఉన్నాడు. పైఅధికారులు పంపిన అధికార పత్రం చేతిలో ఉండగానే ఆయనను నిర్బంధించారు. ఆర్వెల్ దంపతులు జూన్ 23న రైలెక్కి ఫ్రాన్సుకు తప్పించుకొన్నారు. వారిని కరడుగట్టిన ట్రాట్‌స్కీవాదులుగా పేర్కొంటూ జులై 13 తేదీతో ఒక నివేదిక వలెన్సియాలోని గూఢచర్య న్యాయస్థానం కోసం సిద్ధమైంది. ఆ కాగితం సంగతి ఆర్వెల్‌కు జీవితాంతం తెలియదు.

ఒక లోపం మాత్రం కప్పిపుచ్చరానిది. తెలుగువారికి ముట్టడి కథ అంటే బొబ్బిలి కథ. 1757 జనవరిలో జరిగిన ఆ యుద్ధాన్ని గానం చేసినవారు ఎప్పుడూ కోట లోపల నిలిచే పాడారు. లోపలి మనుషులకు పేర్లున్నాయి, మాటలున్నాయి, చావులున్నాయి. ఆ కథ విన్న చెవులకు ఆర్వెల్ రచనలో హువెస్కా మరీ మూగగా తోస్తుంది. దూరాన దీపాలు, సైనిక ట్రక్కుల వెలుగు, అంతకు మించి లోపల ఏమున్నదో లేదు. కందకం నుంచి కనిపించదు నిజమే. కాని గ్రంథం రాసేనాటికైనా ఆ ప్రశ్న తలెత్తి ఉండవలసింది.

లోపల ఉన్నవారంతా శత్రువులు కారు. చిత్రకారుడు, శిల్పి, ఉపాధ్యాయుడు, అరాజకవాది అయిన రామోన్ అసీన్ హువెస్కా వాస్తవ్యుడు. లాటరీలో తగిలిన డబ్బుతో మిత్రుడు లూయిస్ బున్యుయెల్‌కు 1933 నాటి 'రొట్టె లేని నేల' చిత్రం తీసే అవకాశం కల్పించిన మనిషి. పిల్లలు కాగితంతో మడిచే పక్షుల ఆకృతిలో ఆయన చేసిన లోహ శిల్పం ఆ పట్టణపు ఉద్యానంలో నేటికీ ఉంది. తిరుగుబాటు జరిగిన వెంటనే ఇంటిలోనే దాగి ఉన్నాడు. 1936 ఆగస్టు 6న కాల్చి చంపారు. భార్య కొంచితా మొన్రాస్‌ను అదే నెల 23న అనేకమందితో పాటు కాల్చారు. ఇద్దరు కుమార్తెలు మిగిలారు. ముట్టడి బిగుస్తున్న రోజులలోనే ఈ హత్యలు జరిగాయి. కొద్ది మైళ్ళ దూరంలో కార్మిక దళాలు ఉన్నాయి, వారి రాక కోసం లోపల ఎదురు చూసినవారు ఉన్నారు. కాఫీ పరిహాసాన్ని ఈ తేదీల పక్కన పెట్టి చదివితే దాని రుచి మారిపోతుంది. కందకాలలో నవ్వు పుట్టించిన జాప్యం పట్టణం లోపల ఎవరి పాలిట ఏమైందో ఆర్వెల్ ఎరుగడు. ఎరిగిన పాఠకుడు మాత్రం ఆ పేజీలను మునుపటివలె చదవలేడు. స్పెయిన్‌కు మళ్ళీ వస్తే హువెస్కాలో కాఫీ తాగి తీరుతానని ఆయన రాసుకొన్నాడు. మళ్ళీ రాలేదు. 2017లో ఆ పట్టణపు ప్రదర్శనశాలే ఆర్వెల్ హువెస్కాలో కాఫీ సేవిస్తున్నాడన్న అర్థం వచ్చే పేరుతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది.

కడపటి మాట గ్రంథ పాఠం గురించి. రాజకీయ పక్షాల తగాదాలను వివరించే అయిదు, పదకొండు అధ్యాయాలను విడదీసి అనుబంధాలుగా చివర చేర్చాలని ఆర్వెల్ సూచనలు మిగిల్చాడు. 1986లో పీటర్ డేవిసన్ పరిష్కరించిన ప్రతి ఆ ప్రకారం వెలువడింది. మన గ్రంథాలయాలలో రెండు రకాల ప్రతులూ తగులుతాయి. రచయిత కోరిక గౌరవనీయమే, కథ వేగం పెరిగిన మాటా నిజమే. అయితే హువెస్కా విషయంలో పాత క్రమమే మేలు. పౌమ్ ఏమిటో, దానిపై వచ్చిన ఆరోపణలేమిటో ముందే చదివిన పాఠకునికే జూన్ నాటి తొక్కిపట్టిన వార్త తాలూకు బరువు తెలుస్తుంది. అధ్యాయాలను చివరకు నెట్టితే ఆ ఘట్టం ఒక అన్యాయంగా మాత్రమే కనిపించి, దాని వెనుక పేరుకొన్న నెలల చరిత్ర జారిపోతుంది. తెలుగులో ఈ గ్రంథానికి పూనుకొనే అనువాదకులు పాత క్రమాన్ని పాటించడం, కాప్ మాటల వెంట వచ్చే కుండలీకరణాన్ని విప్పి ప్రధాన వాక్యంలో కలపకుండా ఉన్నది ఉన్నట్లు నిలపడం, అలెర్రే, చిమిల్లాస్ గ్రామాలను చూపే చిన్న పటం ఒకటి జతచేయడం అవసరం. అసీన్ దంపతుల తేదీలకు ఆ పటం కిందనే చోటుంటుంది.